రిటైర్మెంటు, ఆస్తి పంపకాలు: రూల్స్ మారుతున్నా నిలబడే ప్లాన్ వేసుకోవడం ఎలా?

తెలంగాణలో 2021లో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 61కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62 అయింది. ఇంటి లోను ఇంకా తీరనివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. గ్రాట్యుటీ డబ్బులతో అమ్మాయి పెళ్లి చేద్దామని ముహూర్తాల దాకా వెళ్లినవాళ్లు అప్పులకు పరుగెత్తారు. జీవో ఒక్కటే, ఒక్కో ఇంట్లో ఒక్కో ఫలితం.

ఇలాంటివి చూసి "ఎలాగూ మారిపోతాయి కదా, ఇప్పటినుంచే ప్లాన్ ఎందుకు, అప్పుడు చూసుకుందాంలే" అనేవాళ్లు చాలామంది ఉంటారు. మారే రూల్స్ అన్నీ మిమ్మల్ని ఒకేలా తాకవు. కొన్ని మీరు అడుగుపెట్టిన రోజే మీకు ఖాయమైపోతాయి, కొన్ని ఏడాదికోసారి మారతాయి, కొన్ని వెనక్కి వెళ్లి మరీ పట్టుకుంటాయి. ఏది ఎలాంటిదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి పని: తేదీ చూడండి

టీవీలో, వాట్సాప్‌లో ఏ కొత్త రూల్ గురించి విన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది ఏ తేదీని బట్టి వర్తిస్తుంది?

పెన్షన్‌కైతే ఉద్యోగంలో చేరిన తేదీ. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1కి ముందు ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పెన్షన్, ఆ రోజు నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్. డీఎస్సీ-2003 టీచర్లకు నోటిఫికేషన్ ఈ తేదీకి ముందే వచ్చినా, పోస్టింగులు తర్వాత అందడంతో సీపీఎస్‌లో పడ్డారు. కేంద్రం మాత్రం 2003 డిసెంబరు 22కి ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు 2023 మార్చిలో పాత పెన్షన్ ఎంచుకునే అవకాశం ఇచ్చింది. టీచర్ల మీటింగుల్లో తరచూ వినిపించే "మెమో 57" అదే.

సీనియర్ సిటిజన్ స్కీము వడ్డీకి డబ్బు వేసిన తేదీ. ఇవాళ వేస్తే ఇవాళ్టి రేటే ఐదేళ్లూ ఉంటుంది, వచ్చే త్రైమాసికంలో ప్రభుత్వం తగ్గించినా మీకు తగ్గదు. పీపీఎఫ్ అలా కాదు, రేటు మారితే మీ పాత నిల్వకూ మారిన రేటే. స్థలం మీద పన్నుకు అమ్మిన తేదీ చూస్తారు, కొన్న తేదీని లెక్క కట్టడానికి వాడతారు. వారసత్వానికి సాధారణంగా మనిషి పోయిన తేదీ.

ఆడపిల్లల హక్కు విషయంలో మాత్రం చట్టం బాగా వెనక్కి వెళ్లింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నిజానికి మన దగ్గర పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టర్ అయిన పంపకాలను తిరగదోడరు. "అప్పట్లో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే కోర్టులో నిలబడటం చాలా కష్టం. మీ ఇంట్లో అలాంటి పంపకం ఉంటే, అందరూ మాట్లాడుకునే స్థితిలో ఉన్నప్పుడే కాగితం మీద పెట్టి రిజిస్టర్ చేయించుకోండి.

రెండో పని: ఒక పుస్తకంలో రాయండి, పేర్లు సరిచూడండి

రెండొందల పేజీల నోట్‌బుక్ చాలు. బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పాలసీలు, పీఎఫ్ నంబరు, లాకరు, భూముల సర్వే నంబర్లు, ఇంటి దస్తావేజు నంబరు, మీరు ఇవ్వాల్సిన అప్పులు, మీకు రావాల్సినవి అన్నీ అందులో రాయండి. పదేళ్లుగా కదలని ఖాతాల డబ్బును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తాయి. అది పోయినట్టు కాదు, అడిగితే ఇస్తారు. పాత ఊళ్లో తెరిచిన ఖాతా ఉందేమోనని అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకొచ్చు.

పుస్తకం రాశాక అసలు పని మొదలవుతుంది. ప్రతి కాగితం మీదా మీ పేరు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. ఆధార్‌లో కొత్తపల్లి వెంకట సుబ్బారావు. పాన్‌లో సుబ్బారావు కొత్తపల్లి. పట్టాదారు పాసుపుస్తకంలో కె.వి. సుబ్బారావు. 1994 నాటి సేల్ డీడ్‌లో కొత్తపల్లి సుబ్బయ్య. నలుగురూ ఒకరేనని ఊరంతటికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఆడవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ: పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, భర్త సర్వీసు రిజిస్టరులో ముద్దుపేరు. రేపు ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరిగేది ఆవిడే. మీరు ఉండగా ఒక సంతకంతో అయ్యే పనికి, మీరు లేనప్పుడు అఫిడవిట్లు, తహసీల్దారు ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. దస్తావేజులో తప్పు ఉంటే సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినవాళ్ల సంతకం కూడా కావాలి, కాబట్టి వాళ్లు ఉండగానే వెళ్లండి.

సర్వీసు రిజిస్టరులో భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, పిల్లల వివరాలు రిటైరయ్యే ముందు ఏడాదే చూసుకోండి.

మూడో పని: నెలకు ఎంత వస్తుందో లెక్క కట్టండి

ఆశలు పక్కనపెట్టి, ఇవాళ అమల్లో ఉన్న రూల్‌తోనే లెక్క వేయండి. పెరిగితే సంతోషం.

ప్రైవేటు ఉద్యోగులు పీఎఫ్ పెన్షన్ మీద పెద్ద ఆశలు పెట్టుకుంటారు. లెక్క ఇది: పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతం పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లు కలుపుతారు కాబట్టి 30 ఏళ్లు చేసినవాళ్లకు నెలకు మహా అయితే దాదాపు 6,860 రూపాయలు. మీ చివరి జీతం లక్ష అయినా, అధిక పెన్షన్ ఆప్షన్ లేకపోతే ఇంతే. నమ్మబుద్ధి కాకపోతే పాసుబుక్ తీసి చూసుకోండి.

సీపీఎస్‌లో ఉన్నవాళ్లు నిధిలో 60 శాతం చేతికి తీసుకుని 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి. ప్రైవేటుగా ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) కట్టినవాళ్లకు 2025 డిసెంబరులో రూల్ సడలించి, 80 శాతం దాకా తీసుకోనిచ్చారు. తీసుకోవచ్చు అన్నారు కదా అని మొత్తం తీసుకోమని నేను చెప్పను. చేతిలో పెద్ద మొత్తం ఉందని తెలిస్తే బంధువులకు వ్యాపార ఐడియాలు వస్తాయి. కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ కూడా ఉంది: 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్. రాష్ట్ర ఉద్యోగులకు అది దానంతటదే రాదు. రాష్ట్రాల్లో ఎన్నికలకోసారి ఒక హామీ, ఒక కమిటీ. వాటి మీద ఆధారపడి ఇల్లు మొదలుపెట్టకండి.

చేతికొచ్చిన డబ్బులో కొంత పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేయడం ఇప్పటికీ మంచి మాటే. పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. 8.2 శాతం చొప్పున 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి. మామూలుగా 60 ఏళ్లు నిండాలి. 55 దాటి రిటైరైనవాళ్లు బెనిఫిట్లు చేతికందిన మూడు నెలల్లోపు వేయొచ్చు, 2023 నవంబరుకు ముందు ఈ గడువు ఒక నెలే ఉండేది. డబ్బు జమ అయిన తేదీ చూపించే కాగితం దాచుకోండి. భార్యాభర్తలిద్దరూ అర్హులైతే ఎవరి ఖాతా వాళ్లు తెరవడం మేలు.

పన్ను విషయానికొస్తే, కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదని అందరికీ తెలుసు. ప్లాటు అమ్మిన లాభానికి ఆ రిబేటు వర్తించదన్నది చాలామందికి తెలియదు. 2026 ఏప్రిల్ నుంచి పాత 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లన్నీ మారాయి. పాత నంబర్లు బట్టీపట్టి చెప్పే సలహాదారులతో కాస్త జాగ్రత్త.

హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకోండి, కంపెనీ పాలసీ మీతోపాటే రిటైరవుతుంది. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు మీద ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది.

నాలుగో పని: నామినీ పేరు రాయండి, కానీ అక్కడితో ఆగకండి

"నామినీగా పెద్దోడి పేరు పెట్టాను, ఇక వాడిదే" అనుకుంటే పొరపాటు. బ్యాంకు డిపాజిట్లలో, షేర్లలో నామినీ అంటే డబ్బు అందుకుని హక్కుదారులకు అప్పజెప్పే మనిషి మాత్రమే. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే చెప్పింది. జీవిత బీమాలో కొంచెం తేడా ఉంది: 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టొచ్చు. ఎవరికి ఎంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరు అని రాయొచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరే. పాత ఖాతాల్లో చాలావాటికి నామినీగా ఇప్పటికీ పోయిన నాన్నగారి పేరే ఉంటుంది, ముందు వాటిని మార్చండి. పెళ్లికి ముందు పీఎఫ్‌లో ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఆన్‌లైన్‌లో ఇవ్వాలి.

ఐదో పని: వీలునామా

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేదీ ఇదే, అందరూ వాయిదా వేసేదీ ఇదే. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం మన ఇళ్లలో ఇంకా ఉంది.

రాయకపోతే ఏమవుతుందో ముందు చూడండి. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమాన భాగాలుగా వెళుతుంది. తండ్రి ఆ మొదటి వరుసలో లేడు. "అంతా మా ఆవిడకే వస్తుందిలే" అనుకున్న ఇంట్లో ముగ్గురు పిల్లలు, అమ్మ ఉంటే ఆవిడకు దక్కేది ఐదో వంతు.

ఆడవాళ్ల లెక్క ఇంకా మెలిక. పిల్లలు లేని వితంతువు తన జీతంతో కొనుక్కున్న ఫ్లాటు, వీలునామా లేకపోతే, ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. కన్నవాళ్లు ఆ తర్వాతే. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఆడవాళ్లు వీలునామా రాసుకోవడం మంచిదని చెప్పింది. ఇంట్లో మగవాళ్లు ఒక్కరే రాసి ఊరుకోకుండా ఇద్దరూ చెరొకటి రాయండి.

రాయడం ఇలా. మామూలు తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. తెలుగులోనే రాయండి. మొదట మీ పూర్తి పేరు, వయసు, చిరునామా. తర్వాత, ఇదే నా చివరి వీలునామా, ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు అని ఒక వాక్యం. తర్వాత ఆస్తి వివరాలు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. "ఊళ్లో పొలం చిన్నోడికి" అని రాస్తే రేపు ఏ పొలమో తేలదు. గ్రామం, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, దస్తావేజు నంబరు, సంవత్సరం రాయాలి. చివర్లో "ఇందులో రాయని, ఇకముందు నాకు వచ్చే ఆస్తి ఏదైనా నా తదనంతరం ఫలానావారికి" అని ఒక మాట చేర్చండి. రూల్స్ మారినా, కొత్త ఖాతా తెరిచినా వీలునామా తిరగరాయక్కర్లేకుండా కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

ఒకరికి తక్కువ ఇస్తుంటే కారణం రాయండి. "పెద్దమ్మాయికి 2015లో ప్లాటు ఇచ్చాను కాబట్టి ఈ ఇల్లు చిన్నమ్మాయికి" అన్న రెండు ముక్కలు చాలా గొడవల్ని ఆపుతాయి. ఇది మీ సొంత ఆస్తికి, పిత్రార్జితంలో మీ వాటాకు మాత్రమే. పిల్లల వాటాను మీరు రాసివ్వలేరు. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

సాక్షులు ఇద్దరు తప్పనిసరి. మీరు సంతకం చేయడం వాళ్లు చూడాలి, మీ ఎదుటే వాళ్లు సంతకం చేయాలి. ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి కాబట్టి మీకంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను ఎంచుకోండి. మీ ఈడు స్నేహితుడు ఎంత మంచివాడైనా ఈ పనికి పనికిరాడు. డెబ్బై దాటితే అదే రోజు తేదీతో, మానసికంగా బాగున్నారని డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి. ఖర్చు స్వల్పం, "ఇది నాన్న సంతకం కాదు" అనే మాట బలం చాలావరకు తగ్గుతుంది. నడవలేనివాళ్లు అడిగితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇంకో మాట: అక్కడి ఆస్తులకు హిందువుల వీలునామాలను కోర్టులో ప్రొబేట్ (ధ్రువీకరణ) చేయించుకోవాలన్న నిబంధనను 2025 డిసెంబరులో తీసేశారు.

ఆరో పని: బతికుండగా రాసిచ్చే ముందు ఆగండి

"ఎలాగూ వాడిదే కదా, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రాసేయండి, రేపు స్టాంపు డ్యూటీ పెరుగుతుంది" అని పిల్లలు తొందరపెడతారు. నా మట్టుకు నేను ఉన్న ఒక్క ఇంటిని గిఫ్ట్ రాయమని ఎవరికీ చెప్పను. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రిజిస్టరైన గిఫ్ట్‌ను మీకు మీరుగా వెనక్కి తీసుకోలేరు.

రాసివ్వక తప్పని పరిస్థితి ఉంటే రెండు మాటలు దస్తావేజులో ఉండి తీరాలి. మీరు, మీ భార్య లేదా భర్త బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీదే అని ఒకటి. మిమ్మల్ని పోషించి చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నానని రెండోది. 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం సెక్షన్ 23 కింద, షరతు తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ గిఫ్ట్‌ను రద్దు చేయగలదు. అసలు షరతే లేకపోతే రద్దు కష్టమని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో మరో కేసులో పెద్దవాళ్ల వైపు ఉదారంగా చూసి ఆస్తి తిరిగి ఇప్పించింది. తీర్పు ఏ వైపు వెళ్లినా, షరతు కాగితం మీద ఉంటే మీకు బలం.

ఏడో పని: పొలం రికార్డులు

తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన భూ హక్కు చట్టాన్ని 2024లో రద్దు చేశారు. పోర్టల్ పేరు ఏదైనా మీ పని మారదు: పాసుపుస్తకం, 1బీ లేదా పహాణీ, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు కాగితం మీద తీసి ఫైల్లో పెట్టుకోండి. పాత పోర్టల్ మూసేసినప్పుడు ఆ ప్రింటే ఆధారం.

నాన్నగారు పోయి పదేళ్లయినా ఆయన పేరు మీదే పొలం నడిపిస్తున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఫౌతీ, అంటే వారసుల పేరుకు మార్పు, ముందు చేయించండి. భూభారతిలో వారసులందరికీ నోటీసులిచ్చి విచారించాకే పేరు మారుస్తారు, ఆదేశం తప్పనిపిస్తే పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ధరణిలో ఆ దారి లేదు. అక్కచెల్లెళ్లు తమ వాటా వద్దనుకుంటే నోటిమాటగా "వద్దులే" అనడం చాలదు, రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి. వాళ్లు ఇష్టపడి చేస్తేనే సుమా.

పిల్లలు విదేశాల్లో ఉంటే

విదేశాల్లో స్థిరపడిన బిడ్డకు మీరు పొలం గిఫ్ట్‌గా ఇవ్వలేరు, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. అదే పొలం వారసత్వంగా, వీలునామా ద్వారా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. ఇల్లు, ప్లాటు రెండు రకాలుగానూ ఇవ్వొచ్చు.

అమ్మే ఆలోచన ఉంటే మీరు ఉండగా అమ్మడమా, పిల్లలకు వదిలేయడమా అన్నది లెక్క వేసి తేల్చుకోండి. 2024 జులై 23కి ముందు కొన్న స్థలానికి, ఇక్కడ నివసించే మీకు రెండు దారులున్నాయి: ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా లాభం మీద 12.5 శాతం, లేదా సర్దుబాటుతో 20 శాతం. ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఎన్నారై అమ్మితే ఆ రెండో దారి లేదు. పైగా కొనేవాళ్లు మొత్తం ధర మీద టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటారు, ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. 2001 ఏప్రిల్‌కు ముందు కొన్న ఆస్తి అయితే ఆనాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్‌ను సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఇప్పుడే తీసుకుని ఫైల్లో పెట్టండి. రేపు మీ అబ్బాయి డాలస్ నుంచి ఫోన్ చేసి అడిగేది అదే.

వారసత్వ ఆస్తి అమ్మిన డబ్బును ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటకు తీసుకెళ్లొచ్చు. అమెరికాలో పన్ను కట్టే పిల్లలకు ఇక్కడి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్ట్‌గానో వారసత్వంగానో వస్తే ఫారం 3520 వేయాలి. పన్ను పడకపోయినా ఆ ఫారం మరిచిపోతే జరిమానా పెద్దది.

ఏడాదికి రెండుసార్లు

ఏప్రిల్‌లో ఒక ఆదివారం: కొత్త బడ్జెట్ రూల్స్, పాత విధానమా కొత్తదా అన్న నిర్ణయం, బ్యాంకులో టీడీఎస్ పడకుండా ఇచ్చే డిక్లరేషను, నోట్‌బుక్‌లో ఏడాది మార్పులు. సీనియర్లకు బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి లక్ష అయింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. కేంద్ర పెన్షనర్లలో 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు.

ఇంట్లో పెళ్లి, పుట్టుక, చావు, విడాకులు, స్థలం కొనడం, అమ్మడం జరిగినప్పుడు మాత్రం ఏప్రిల్ దాకా ఆగకుండా నామినీలు, వీలునామా మళ్లీ చూడండి. వీలునామా అసలు కాగితం బ్యాంకు లాకరులో పెట్టకండి. లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు. ఇంటి బీరువాలో పెట్టి, ఏ అరలో ఉందో భార్యకో భర్తకో, ఒక బిడ్డకో చెప్పండి.